చెవులు మూసుకున్న పిల్ల: సున్నితత్వమా, సెన్సరీ ఇబ్బందా?

పుట్టినరోజు వేడుక. కొవ్వొత్తులు ఆరగానే అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నాలుగేళ్ల పిల్ల రెండు చెవులూ మూసుకుని బల్ల కిందికి దూరిపోయింది. "మరీ సుకుమారం" అన్నారొకరు. "గారం ఎక్కువైంది" అన్నారు ఇంకొకరు. ఆ రాత్రి అమ్మ ఫోన్‌లో వెతికితే రెండు పేర్లు కనబడ్డాయి: హైలీ సెన్సిటివ్ చైల్డ్, అంటే అతి సున్నితమైన పిల్ల; సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్, అంటే ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు సర్దుకోలేకపోవడం. రెండింటి లక్షణాలూ చదివితే సగానికి సగం ఒకేలా ఉన్నాయి. ఇక టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఈ వీడియో అలాంటి అమ్మానాన్నల కోసం.

ముందే ఒక మాట. చెవులు మూసుకుందన్న ఒక్క సంగతి పట్టుకుని ఎవరూ ఏదీ తేల్చలేరు. ఆ పిల్ల మళ్లీ ఎలా కుదుటపడింది, మిగతా రోజంతా ఎలా గడుస్తోంది, అక్కడ చూడాలి.

హైలీ సెన్సిటివ్ అనే మాటను జనంలోకి తెచ్చింది ఎలేన్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్. 1997లో భర్త ఆర్థర్ ఆరన్‌తో కలిసి దీని మీద పరిశోధన పత్రం రాశారు. ఆవిడ చెప్పింది జబ్బు గురించి కాదు, పుట్టుకతో వచ్చే స్వభావం గురించి. నూటికి 15 నుంచి 20 మంది ఇలా ఉంటారని అప్పటి అంచనా. ఈ పిల్లలకు చప్పుడు, వెలుగు ఎక్కువగా తగులుతాయి, నిజమే. కానీ దాంతో పాటు ఇంకోటి ఉంటుంది, లోతు. టీచర్ కొత్త కళ్లజోడు పెట్టుకుంటే ముందు గమనించేది వీళ్లే. అమ్మ గొంతు కాస్త మారితే "ఏమైందమ్మా?" అని అడిగేదీ వీళ్లే. జారుడుబల్ల దగ్గర చాలాసేపు నిలబడి అందరినీ చూసి, అప్పుడు ఎక్కుతారు. అలసిపోతే ఏడుస్తారు. కాసేపు ప్రశాంతంగా వదిలేస్తే తేరుకుంటారు. "ఇప్పుడు చప్పట్లు కొడతాం" అని ముందే చెబితే చాలావరకు తట్టుకుంటారు.

రెండో మాట, సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ వెనక ఉన్నది జీన్ ఎయర్స్. ఆవిడ ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే నిపుణురాలు. 1972లో వచ్చిన ఆవిడ పుస్తకం ఈ రంగానికి పునాది. చెవి, కన్ను, చర్మం నుంచి వచ్చే కబుర్లను మెదడు సర్దుకుని వాడుకోలేకపోవడం ఆవిడ గమనించిన సమస్య. మనం ఐదు జ్ఞానేంద్రియాలే లెక్కపెడతాం కానీ, ఎయర్స్ ఇంకో రెండింటికి పెద్ద పీట వేశారు. ఒకటి లోపలి చెవిలో ఉండే బ్యాలెన్స్. రెండోది కండరాలు, కీళ్లు చెప్పే సమాచారం, అంటే కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో తెలిసే జ్ఞానం.

అందరూ పొరపడేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. సెన్సరీ ఇబ్బంది అంటే అన్నీ ఎక్కువగా తగలడమే అనుకుంటాం. కొందరు పిల్లలకు తక్కువగా తగులుతుంది. మోకాలు చీరుకుపోయినా పట్టించుకోరు, పిలుపు చెవిన పడనట్టే ఉంటారు. కొందరికి ఎంత కదలికైనా చాలదు. గోడలకు గుద్దుకుంటారు, గిర్రున తిరుగుతూనే ఉంటారు. ఇంకొందరికి మెట్లెక్కడం, గుండీలు పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం కూడా కష్టమే. ఇవి కనబడుతుంటే "మా పిల్లాడు సున్నిత మనస్కుడు" అని ఊరుకోకండి. ఆ మాట ఇక్కడ సరిపోదు.

ఎక్కువగా తగిలే పిల్లల విషయంలోనే చిక్కు. ఇక్కడ రోజువారీ పనులు చూడాలి. సాక్స్ కుట్టు గుచ్చుకుంటోందంటే తిరగేసి తొడిగారు, పిల్ల ఆడుకోవడానికి వెళ్లిపోయింది. దీనికి కంగారు అక్కర్లేదు. అదే రోజూ బట్టల దగ్గర యుద్ధం, పళ్లు తోమడం యుద్ధం, జుట్టు కత్తిరించడం అసాధ్యం, తినేవి రెండు మూడు రకాలే, బడికి పంపలేకపోతున్నారు, ఇంట్లోవాళ్లంతా బయటికి వెళ్లడమే మానేశారు అంటే, అది స్వభావం అని వదిలేసే సంగతి కాదు. సహాయం తీసుకోవాలి. రెండూ కలిసి ఉన్న పిల్లలు కూడా ఉంటారు.

డాక్టర్ దగ్గరికి వెళ్తే "అలాంటి డిజార్డర్ లేదు" అనవచ్చు. దానికి కారణం ఉంది. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక సమస్యల గ్రంథంలో సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ విడిగా లేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే దీన్ని రోగ నిర్ధారణగా వాడొద్దంది. ఎందుకంటే ఇవే లక్షణాలు ఆటిజంలో, ఏడీహెచ్‌డీలో (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య), ఆందోళనలో కూడా ఉంటాయి. ఇదొక్కటే పట్టుకుంటే అవి తప్పిపోతాయి. అయితే ఐదేళ్ల లోపు పిల్లల కోసం 2016లో వచ్చిన డీసీ జీరో టు ఫైవ్ అనే గ్రంథం మాత్రం దీనిలో కొన్ని రూపాలకు చోటిచ్చింది. పేరు మీద పెద్దల వాదన ఎలా ఉన్నా, పిల్ల పడుతున్న బాధ నిజం. "పేరు సంగతి తర్వాత చూద్దాం డాక్టర్ గారూ, ఫలానా పని చేయలేకపోతోంది" అని చెప్పండి. వినికిడి పరీక్ష చేయించండి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కు చూపించండి. మాటలు ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

"అలవాటు చేస్తే అదే పోతుంది" అని బలవంతంగా చప్పుళ్ల మధ్య నిలబెట్టకండి, దయచేసి. సున్నితమైన పిల్లల మీద గదమాయింపు ప్రభావం ఎంత ఎక్కువో, ఆదరణ ప్రభావమూ అంతే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

బల్ల కింద ఉన్న ఆ పిల్ల దగ్గరికి మళ్లీ వెళ్దాం. లాగకండి, ప్రశ్నలు వేయకండి. పక్కన నేల మీద కూర్చోండి. తనంతట తాను బయటికొచ్చాక, ముందు ఏం జరిగింది, కుదుటపడటానికి ఎంతసేపు పట్టింది, బడిలో కూడా ఇలాగే ఉంటోందా అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు వారాలు అలా రాసి, డాక్టర్ దగ్గరికి ఆ నోట్‌బుక్ పట్టుకెళ్లండి.