రాసుకున్న రాబడి, చేతికొచ్చే రాబడి

అందరికీ నమస్కారం. లెక్కల విభాగం ఉద్యోగులు, ఇంజనీర్లు, వార్డు సచివాలయాల సిబ్బంది, కాలనీ సంఘాల పెద్దలు వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. నగరపాలక సంస్థ బడ్జెట్‌లో ఖర్చు వైపు తప్పు జరిగితే కొంత సర్దుకోవచ్చు. రాబడి వైపు జరిగే తప్పు మాత్రం మెడకు చుట్టుకుంటుంది. పెంచి రాసిన రోజున ఎవరికీ నొప్పి తెలియదు. డ్రెయిను పని సగంలో ఆగి, కాంట్రాక్టరు బిల్లు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేటప్పుడు తెలుస్తుంది. ఆర్థిక పరిస్థితి నిలకడగా లేనప్పుడు ఈ తప్పు రెండింతలవుతుంది.

మన ఆంధ్రప్రదేశ్‌లో కార్పొరేషన్ల చట్టం ప్రకారం కమిషనర్ వచ్చే ఏటి బడ్జెట్ అంచనాలను నవంబరు 10 లోగా స్థాయీ సంఘానికి, అంటే కౌన్సిల్ తరఫున వాటిని పరిశీలించే కమిటీకి, ఇవ్వాలి. అంటే అప్పటికి చేతిలో ఉండేది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, ఏడు నెలల వాస్తవ లెక్క. మిగతా ఐదు నెలలూ ఊహే. చాలాచోట్ల ఆరు నెలల వసూలును రెండుతో గుణించి అదే సవరించిన అంచనా, అంటే ఈ ఏడాది మొత్తానికి వచ్చే రాబడి, అనేస్తారు. ఇది పనికిరాదు. ఏప్రిల్‌లో రాయితీ కోసం ముందే కట్టేవాళ్లుంటారు, మార్చిలో బకాయిదార్ల వెంటపడతాం. ఈ రెండు నెలలకూ మధ్యనున్న నెలలకూ పోలికే ఉండదు. గత మూడేళ్లలో అక్టోబరు ఆఖరుకి ఏడాది మొత్తంలో ఎంత శాతం వచ్చిందో తీయండి. ఈ ఏడాది ఏడు నెలల వసూలును ఆ శాతంతో భాగించండి. అదే మీ సవరించిన అంచనాకు పునాది.

అయితే ఏ మూడేళ్లు తీసుకుంటున్నామో చూసుకోవాలి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు మున్సిపల్ పన్నులకు పాత నోట్లు తీసుకోనిచ్చారు, పాత బకాయిలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అది పెరుగుదల కాదు, తర్వాత రావాల్సింది ముందే రావడం. 2020 మార్చి ఆఖరి వారంలో, సరిగ్గా వసూళ్ల జోరు మీదుండాల్సిన రోజుల్లో, లాక్‌డౌన్ వచ్చింది. ఇలాంటి ఏళ్లను సగటులో కలిపితే లెక్క చెడిపోతుంది.

ఇక డీసీబీ. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. అంటే రావాల్సింది, వచ్చింది, మిగిలింది. బడ్జెట్‌కు గుండెకాయ లాంటి రిజిస్టరు ఇదే. ఒక ఊహాలెక్క వేద్దాం. ఆస్తి పన్ను ఈ ఏటి డిమాండ్ 100 కోట్లు, పాత బకాయి 60 కోట్లు. బడ్జెట్‌లో 160 కోట్లు రాశారు. వాస్తవంలో ఈ ఏటి డిమాండ్‌లో 82 శాతం, బకాయిలో 20 శాతం వస్తోందనుకోండి. 82, 12 కలిపితే 94 కోట్లు. తేడా 66 కోట్లు. ఆ 66 కోట్లను నమ్ముకుని పాలనామోదం, అంటే పని చేపట్టడానికి అనుమతి, ఇచ్చిన ప్రతి రోడ్డూ రేపటి పెండింగ్ బిల్లే. బకాయిలో కోర్టు కేసులు, రెండుసార్లు నమోదైన అసెస్‌మెంట్లు (పన్ను ఖాతాలు), కూల్చేసిన ఇళ్లు, ప్రభుత్వ భవనాలు ఎన్నో విడదీయండి. కాగితం మీద మాత్రమే ఉన్న బకాయిని బడ్జెట్‌లోకి రానివ్వద్దు. పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు, రూపాయికి 8 పైసలు, మనది కాదు, గ్రంథాలయ సంస్థది. దాన్ని మొదట్లోనే పక్కన పెట్టాలి.

2021 నుంచి ఆస్తి పన్ను మూలధన విలువ, అంటే స్థలం, కట్టడాల విలువ, మీద వేస్తున్నారు, ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. అలాగని మొత్తం డిమాండ్ మీద 15 శాతం కలిపేస్తే తప్పు. కొత్త పద్ధతిలో పడాల్సిన పూర్తి పన్నుకు చేరిన ఇల్లు అక్కడే ఆగుతుంది. అసెస్‌మెంట్ల వారీగా లెక్క తీస్తేనే నిజం తెలుస్తుంది.

ఆస్తి పన్ను ఎంతో కొంత నిలకడైనది. ఊగిసలాడేవి రిజిస్ట్రేషన్ల మీద వచ్చే బదిలీ సుంకం వాటా, ఇళ్ల ప్లాన్లకు అనుమతి ఫీజులు. అమరావతి పనులు జోరందుకుంటే విజయవాడ, గుంటూరుల్లో స్థలాల క్రయవిక్రయాలు లేస్తాయి, రాజధాని మీద సందేహం వస్తే పడిపోతాయి. 2014 నుంచి ఈ రెండూ చూశాం. అందుకని నా సలహా ఇది: వీటిని గత అయిదేళ్లలో తక్కువ వచ్చిన రెండేళ్ల సగటు దగ్గర రాయండి. అంతకు మించి వచ్చినదాన్ని జీతాలకో కరెంటుకో కట్టకుండా ఒక్కసారితో అయిపోయే పనులకు వాడండి. అనుమతి లేని కట్టడాల, లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాల ఫీజూ అంతే, ఒకసారి వచ్చి ఆగిపోయే డబ్బు.

కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లను కూడా సొంత డబ్బులా చూడకూడదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల జనాభా దాటిన నగర ప్రాంతాలకు, అంటే విజయవాడ లాంటి వాటికి, ఇచ్చిన గ్రాంటు గాలి నాణ్యతకు, తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినదే. గుంటూరు లాంటి నగరాలకు 40 శాతం స్వేచ్ఛగా, 60 శాతం నిర్దేశించిన పనులకు ఇచ్చింది. ఆడిట్ అయిన లెక్కలు ప్రజలకు అందుబాటులో పెట్టకపోతే అర్హతే పోతుంది. లెక్కల విభాగం ఆలస్యం ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి చూడండి.

ఖర్చు వైపు కరెంటు పద్దును గట్టిగా పట్టుకోవాలి. నిరుటి బిల్లుకు పది శాతం కలపడం అంచనా అనిపించుకోదు. 100 హార్స్‌పవర్ పంపు రోజుకు 16 గంటలు పూర్తి లోడుతో నడిస్తే, మోటారు నష్టాలు వదిలేసినా, 1,193 యూనిట్లకు పైనే. ఏడాదికి దాదాపు 4.35 లక్షల యూనిట్లు. యూనిట్‌కు 40 పైసల సర్దుబాటు ఛార్జీ, అంటే కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగినందుకు బిల్లులో కలిపే సొమ్ము, పడిందంటే ఆ ఒక్క పంపు మీదే 1.74 లక్షలు అదనం. విజయవాడలో వన్‌టౌన్, విద్యాధరపురం కొండప్రాంతాలకు నీళ్లు మళ్లీ మళ్లీ ఎక్కించాలి, అక్కడ బిందె నీళ్లకు కరెంటు ఎక్కువ కాలుతుంది. అందుకే పంపుల వారీగా యూనిట్లు రాయించండి. అలా రాయించినప్పుడే పాత పంపు మార్చడం లాభమో కాదో కూడా తేలుతుంది.

డబ్బు ఏ నెలలో ఉంటుందన్నది ఇంకో చిక్కు. జీతాలు, కరెంటు, పారిశుద్ధ్య కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ ప్రతి నెలా కట్టాలి. వసూళ్లు జూలై నుంచి సెప్టెంబరు దాకా నీరసిస్తాయి. వానలకు ముందు చేయించిన పూడికతీత బిల్లులు వచ్చేది ఆ రోజుల్లోనే. వరద వచ్చేదీ అప్పుడే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ట్యాంకర్లు, బురద తీసే మనుషులు, యంత్రాలు అన్నీ ఒకేసారి కావాల్సి వచ్చింది. కాబట్టి జూన్ ఆఖరుకి కనీసం రెండు నెలల జీతాలు, కరెంటుకు సరిపడా సొమ్ము ఖాతాలో నిలిచేలా నెలవారీ నగదు పట్టిక వేసుకోవాలి. ముగింపు నిల్వ మార్చి 31న బాగుందని మురిసిపోతే సెప్టెంబరులో ఇబ్బంది పడతాం. ఆ నిల్వలో గ్రాంట్లు, కాంట్రాక్టర్ల డిపాజిట్లు ఎంతో తీసేసి చూడండి.

పనులను మూడు వాటాలుగా విడగొట్టండి. నీరు, పారిశుద్ధ్యం, వీధిదీపాలు, అప్పు వాయిదాలు మొదటి వాటా, వీటికి కోత లేదు. ఇప్పటికే సగంలో ఉన్న పనులు, పెండింగ్ బిల్లులు రెండోది. కొత్త పనులు మూడోది. మూడో వాటాకు పాలనామోదం ఏప్రిల్‌లోనే ఇచ్చినా, టెండరు మాత్రం అక్టోబరు సమీక్ష తర్వాతే పిలవాలి. మొదటి ఆరు నెలల వసూలు అనుకున్నదాంట్లో 90 శాతం దాటితే సగం విడుదల, 95 దాటితే పూర్తిగా. తగ్గితే ఏ పని ముందు ఆగుతుందో ఫిబ్రవరిలోనే, కౌన్సిల్ బడ్జెట్ ఆమోదించే రోజునే, క్రమం రాసి పెట్టాలి. డబ్బు అయిపోయాక ఆ క్రమం రాయబోతే గట్టిగా అరిచిన వార్డుకే పని మిగులుతుంది, కొండ మీద మెట్ల దారి అడిగిన వార్డుకు మిగలదు.