పై మూడు రంధ్రాలు మూస్తే ఏ స్వరం? ఫ్లూట్ వర్క్‌షాపుల అసలు సంగతి

[చేతిలో ఆరు రంధ్రాల వెదురు ఫ్లూట్‌తో]

నమస్కారం. ఫ్లూట్ నేర్చుకునేవాళ్లను ఎవరిని కదిపినా ఈ మాట ఒకటి వినిపిస్తుంది: "ఒక బాణీ పూర్తిగా వచ్చేదాకా ఇంకో బాణీ వర్క్‌షాప్ జోలికి పోకూడదట, చెయ్యి పాడైపోతుందట." బాణీ అంటే ఇక్కడ పాట ట్యూన్ కాదు, కర్ణాటకం, హిందుస్తానీ, ఐరిష్ లాంటి వాయించే పద్ధతి. చెయ్యి ఏమన్నా పాలా అండీ, విరిగిపోవడానికి? పైగా "పూర్తిగా వచ్చేదాకా" అంటే ఎప్పటికి? జన్మంతా వాయించినవాళ్లను అడిగి చూడండి, నాకు పూర్తిగా వచ్చేసిందని ఎవరైనా అంటారేమో.

అయితే ఆ మాటలో పిసరంత నిజం ఉంది. చెయ్యి పాడవదు కానీ తికమక పడుతుంది. ఎందుకు పడుతుందో అర్థమైతే వర్క్‌షాప్‌లో తెచ్చుకోవాల్సిన సరుకు ఏమిటో కూడా తెలిసిపోతుంది. ఫ్లూట్ పట్టుకోవడం, ఊదడం, సరిగమలు మీకు వచ్చు అనుకునే మొదలుపెడుతున్నాను. అవి ఇంకా రాకపోతే ముందు ఒక్క స్వరం గాలి చప్పుడు లేకుండా నిలబెట్టడం నేర్చుకుని రండి. అంతవరకూ ఏ వర్క్‌షాప్ కూడా మీకు పనికిరాదు, ఇది మాత్రం నిజం.

ఇవాళ్టికి మూడు వేళ్లు చాలు. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు. ఊదే రంధ్రానికి దగ్గరగా ఉన్న మూడు రంధ్రాలు మూయండి, కింది మూడూ తెరిచే ఉంచండి. మెల్లగా ఊదండి.

[ఒక్క స్వరం, నిలకడగా]

ఏ స్వరం ఇది?

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు వెంటనే "ని" అంటారు. వాళ్లకు పై రెండు రంధ్రాలు మూస్తే స. మూడోది కూడా మూస్తే దాని కింద ఉండే నిషాదం. కరెక్టే.

బాన్సురీ, అంటే హిందుస్తానీ వెదురు ఫ్లూట్, వాయించేవాళ్లు "ని ఏంటి, ఇది స కదా" అంటారు. హిందుస్తానీ పద్ధతిలో పై మూడు మూస్తేనే షడ్జం. ఇదీ కరెక్టే.

ఐరిష్ ఫ్లూట్ వాయించేవాళ్లను అడగండి. వాళ్లకు ఆధారం ఆరు రంధ్రాలూ మూస్తే వచ్చే స్వరం. దాన్ని స అనుకుని ఒక్కో వేలే ఎత్తుకుంటూ రండి: రి, గ, ఆ తర్వాత ఈ మూడు వేళ్ల దగ్గర మ. వాళ్లూ కరెక్టే.

గొట్టం మారలేదు, వేళ్లు మారలేదు, ఊదిన గాలీ అదే. స ఎక్కడుంది అన్నది మారింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ విషయంలో ఇదే ఎక్కువ ఇష్టం. సగం సగం మూయకుండా, రంధ్రాలు పూర్తిగా మూస్తూ తెరుస్తూ మాత్రమే వాయిద్దాం. ఆరూ మూసి స అనుకుంటే ఈ ఫ్లూట్ సహజంగా పలికేది శంకరాభరణం రాగం స్వరాలు, 29వ మేళం, అంటే కర్ణాటక మూలరాగాల వరసలో 29వది. మూడు మూసినప్పుడు స అనుకుంటే కల్యాణి స్వరాలు, 65వ మేళం. అందుకే బాన్సురీలో అన్ని రంధ్రాలూ తెరిస్తే తీవ్ర మధ్యమం, అంటే ఎత్తు మ వస్తుంది, శుద్ధ మధ్యమం, అంటే దాని కింది మ కావాలంటే పై రంధ్రం సగం మూయాలి. రెండు మూసినప్పుడు స అనుకుంటే హరికాంభోజి, 28వ మేళం.

గ్రహభేదం, అంటే స చోటు మార్చి వేరే రాగం తేవడం గురించి పుస్తకంలో చదివి బుర్ర గోక్కున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇదిగో, వేళ్ల కిందే ఉంది. శంకరాభరణంలో మధ్యమాన్ని షడ్జం చేసుకుంటే కల్యాణి, పంచమాన్ని షడ్జం చేసుకుంటే హరికాంభోజి. తయారుచేసేవాళ్లు ఒక్కో సంప్రదాయానికి రంధ్రాల సైజు, దూరం కాస్త అటూ ఇటూ సర్దుతారు, కర్ణాటక ఫ్లూట్‌కి కింద ఇంకా రంధ్రాలుంటాయి. లెక్క మాత్రం ఇదే.

ఇప్పుడు చెయ్యి తికమక సంగతి. కర్ణాటకం నేర్చుకున్న అబ్బాయి ఒకడు బాన్సురీ వర్క్‌షాప్‌కి వెళ్లాడనుకోండి. గురువుగారు "స నిలబెట్టండి" అన్నారు. అందరూ మూడు వేళ్లు మూశారు. మనవాడు అలవాటుగా రెండే మూశాడు. అందరూ స ఊదుతుంటే వీడొక్కడూ రి. పక్కపక్క స్వరాలు కాబట్టి తంబురా మీద గరగరమంటుంది, వెంటనే దొరికిపోతాడు. అదే అబ్బాయి ఐరిష్ వర్క్‌షాప్‌లో అదే రెండు వేళ్లు మూస్తే అది వాళ్లకు ప. స, ప కలిసి మోగితే హాయిగా ఉంటుంది, అందుకని చాలాసేపటిదాకా ఎవరికీ అనుమానం రాదు. తప్పు తియ్యగా ఉంటే పట్టుకోవడం కష్టం!

ఇలాంటివి చూసే "చెయ్యి పాడైపోయింది" అంటారు. పాడైంది ఏమీ లేదు. వాడు స్వరాన్ని చెవితో కాకుండా వేళ్ల లెక్కతో గుర్తుపెట్టుకున్నాడు. ఒకే బాణీలో ఉన్నన్నాళ్లూ ఆ లోపం బయటపడదు. రెండో వర్క్‌షాప్ ఆ లోపాన్ని బయటపెట్టిందే తప్ప కొత్తగా తెచ్చిపెట్టలేదు.

సరే, మళ్లీ అదే మూడు వేళ్లు. ఇప్పుడు స్వరం పేరు వదిలేయండి. స్వరం ఎలా మొదలవుతోంది, ఎలా నడుస్తోంది, అది వినండి. బాణీ అంటే నా దృష్టిలో సగానికి పైగా అదే.

బాన్సురీ వర్క్‌షాప్‌లో ఈ మూడు వేళ్ల స మీద మిమ్మల్ని పొద్దున్నంతా కూర్చోబెట్టినా ఆశ్చర్యపోకండి. గాలితోనే మొదలవ్వాలి, నాలుక తగలకూడదు, ఎక్కడ మొదలైందో తెలియకుండా రావాలి. పన్నాలాల్ ఘోష్, 1911 నుంచి 1960 వరకు జీవించిన ఆ మహానుభావుడు, ఖయాల్ అనే హిందుస్తానీ గానశైలిని పలికించడానికి పొడవాటి బాన్సురీని కచేరీ వాద్యంగా నిలబెట్టాడు. ఆ పొడుగు ఫ్లూట్ మీద రంధ్రాల మధ్య దూరం ఎక్కువ, వేలి కొసలు అందవు. వేళ్లు చాపి, కణుపుల మధ్య కండతో మూయాలి. అక్కడినుంచి పక్క స్వరానికి మీండ్, అంటే జారు కావాలంటే వేలిని ఎత్తరు, రంధ్రం మీద నుంచి మెల్లగా దొర్లిస్తారు.

[మూడో వేలిని దొర్లిస్తూ స నుంచి రి]

వేలు ఎత్తడానికీ దొర్లించడానికీ తేడా వినపడిందా? వినపడకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ వినండి, నేనెక్కడికీ పోను.

కర్ణాటక వర్క్‌షాప్‌కి వెళ్తే ఇదే మూడు వేళ్ల నిషాదాన్ని చాలా రాగాల్లో ఇలా బోసిగా నిలబెట్టనివ్వరు. భైరవిలో నిషాదం చూడండి, ఊగాలి. అంటే ఈ మూడో వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయదు, పూర్తిగా వదలదు, మధ్యలో బతుకుతుంది. ఫ్లూట్ మీద గాత్రంలో ఉన్నంత గమకం, అంటే స్వరం ఊపు, పలుకుతుందని జనానికి చూపించినవారు టి.ఆర్. మహాలింగం, అందరూ మాలి అంటారు, 1926లో పుట్టారు. దానికోసం ఆయన వేళ్లు పట్టే తీరు, పెదవి పెట్టే తీరు రెండూ మార్చేశారు. ఇంత పెద్ద పేరున్న బాణీ కూడా ఒకప్పుడు "కొత్త టెక్నిక్" అన్నమాటేగా? ఇప్పుడదే అందరి పాఠం. చెయ్యి పాడవుతుందనే పెద్దలకు ఇది కొంచెం చెప్పండి.

మంచి కర్ణాటక గురువు ఫ్లూట్ పక్కన పెట్టించి ముందు పాడమంటారు. నాకు గొంతు బాగాలేదండీ అంటే ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా.

ఐరిష్ వైపు వద్దాం. అదే మూడు వేళ్లు, ఇక్కడ ఊపు లేదు, మీండ్ చాలా తక్కువ. ఒకే స్వరాన్ని మూడుసార్లు పలికించాలి, నాలుక వాడకుండా. ఎలా? ఊదుతూనే పై వేళ్లలో ఒకదాన్ని టక్కున ఎత్తి పెట్టండి, దాన్ని కట్ అంటారు. తర్వాత కుడిచేతి చూపుడువేలితో నాలుగో రంధ్రాన్ని టప్‌మని కొట్టి తీసేయండి, అది ట్యాప్. రెండూ కలిపితే రోల్.

[నెమ్మదిగా, తర్వాత వేగంగా]

ఇక్కడ మనవాళ్లు పడే తప్పు ఒకటి ఉంది. కట్‌లో వచ్చే పై స్వరాన్ని ముద్దుగా, స్పష్టంగా పలికించేస్తారు, ఏదో స్ఫురితం అనే గమకం వేసినట్టు. అలా కాదు. ఆ స్వరం ఫలానా అని చెవికి తెలియనే కూడదు, తెగినట్టు మాత్రం తెలియాలి. చప్పుడే తప్ప స్వరం కాదు. ఈ ఒక్క తేడా గురువు ఎదురుగా చేసి చూపిస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది, రాసి చెప్తే రెండేళ్లయినా తెలియదు. వర్క్‌షాప్‌కి పోవడం దేనికంటే ఇందుకే. ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీలో విల్లీ క్లాన్సీ పేరుమీద 1973 నుంచి ప్రతి వేసవిలో జరిగే శిబిరం ఉంది. అక్కడి సంప్రదాయమంతా చెవిమీదే నడుస్తుంది. గురువు ఒక ముక్క వాయిస్తారు, మీరు వాయించాలి, ఇంకో ముక్క. మన దగ్గర గురుముఖంగా నేర్చుకున్నవాళ్లకు ఇదేం కొత్త కాదు, ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. కాగితం లేకపోతే కంగారుపడేది నొటేషన్‌కి అలవాటుపడ్డవాళ్లే.

పాశ్చాత్య కచేరీ ఫ్లూట్ తీసుకోండి. థియోబాల్డ్ బోమ్ 1847లో తెచ్చిన రూపమే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నారు. విచిత్రం చూడండి, అక్కడా జి అనే స్వరానికి ఎడమచేతి ఇవే మూడు వేళ్లు. కాకపోతే బొటనవేలు, కుడి చిటికెనవేలు కూడా చెరో కీ మీద ఉంటాయి. సి మేజర్‌లో, అంటే సి స్వరాన్ని స అనుకుని చూస్తే, అది ప. అంటే మన మూడు వేళ్లకు ఇప్పటికి ని, స, మ, ప, నాలుగు పేర్లు. పైగా అక్కడ శ్రుతి మారితే పేరు మారదు, జి అంటే ఎప్పటికీ జి. వేళ్ల కింద రంధ్రం బదులు కీ ఉంటుంది కాబట్టి దొర్లించడానికి పెద్దగా వీలుండదు, జారు కావాలంటే పెదవితో, ఊదే కోణంతో తేవాలి. రాబర్ట్ డిక్ అనే ఆయనకు అది చాలక జరిగే హెడ్‌జాయింట్, అంటే ఊదే రంధ్రం ఉండే పై ముక్క, ఒకటి తయారుచేసుకున్నాడు.

ఈ వైపు అసలు విద్య నాలుకది. 1707లో ఒతెతేర్ అనే ఫ్రెంచ్ విద్వాంసుడు 'తు, రు' అని నాలుకతో ఎలా కొట్టాలో రాసిపెట్టాడు. వేగంగా కావాలంటే ఇప్పుడు 'తు-కు తు-కు' అంటారు. కర్ణాటకంలో తుత్తుకారం అంటామే, దాని చుట్టమే. తుత్తుకారం ముద్దగా వచ్చేవాళ్లు ఒక్క పాశ్చాత్య వర్క్‌షాప్‌కి వెళ్లి నాలుక పాఠం ఒక్కటి తెచ్చుకుంటే చాలు, మిగతాది వదిలేసినా ఫరవాలేదు.

మాస్టర్‌క్లాస్ అని పెడతారు, అది వేరే రకం. ఒకరు వేదిక మీద వాయిస్తారు, గురువు అందరి ముందూ దిద్దుతారు, మిగతావాళ్లు చూస్తారు. ఊరికే చూడటానికి వెళ్లడమెందుకని మానేయకండి. వాయించేవాళ్లకు గుండె దడ తప్ప ఏమీ గుర్తుండదు. నేర్చుకునేది కింద కూర్చున్నవాళ్లే. పక్కగా కూర్చుని పెదవి చూడండి, వేళ్లు కాదు.

అబ్బో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా.

జాజ్: మూడు వేళ్లు మూసి ఊదుతూనే అదే స్వరాన్ని గొంతుతో హమ్ చేయండి. గరగరలాడే మోత వస్తుంది, రాసాన్ రోలాండ్ కర్క్ దాన్ని పండించాడు. జాజ్ వర్క్‌షాప్‌లో ఎక్కువగా గురువు ఒక ముక్క వాయిస్తే మీరు జవాబివ్వాలి. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడం, వచ్చినవాళ్లకు భయం అక్కర్లేదు, లయ మాత్రం వేరుగా ఊగుతుంది.

నాలుక ఆడిస్తూ 'ర్ర్ర్' అని ఊదితే ఫ్లటర్. 'ర' గట్టిగా పలికే భాషలవాళ్లకు, అంటే మనకు, తేలిక.

కీల చప్పుడును కూడా సంగీతంగా 1936లోనే ఎడ్గార్ వరేజ్ అనే స్వరకర్త రాశాడు. వెదురు మీద కీలు లేవు, కానీ వేలితో రంధ్రాన్ని గట్టిగా కొడితే చిన్న టప్ వస్తుంది, చేసి చూడండి.

జపాన్ వెదురు ఫ్లూట్ షకుహాచి: అయిదే రంధ్రాలు, కొస మీద ఊదాలి, మన మూడు వేళ్ల లెక్క ఇక్కడ చెల్లదు. అన్నీ మూసిన స్వరం 'రో' ఒక్కటే రోజూ చాలాసేపు సాధన చేయిస్తారు. స్వరాన్ని ఊపడానికి వేలు కాదు, తలే ఊపుతారు. అది నేర్చుకుని వచ్చి కర్ణాటక కచేరీలో తల ఊపకండి, బాబోయ్.

కొత్త పద్ధతిలో ఎక్కువసేపు ఊదితే కళ్లు తిరగొచ్చు. తిరిగితే ఫ్లూట్ దించి కూర్చోండి, పౌరుషానికి పోవద్దు. ఒక్కరోజు వర్క్‌షాప్‌లో ఎవరో చెప్పారని ఊదే కోణం మొత్తం మార్చేయకండి, మీ గురువుకి చూపించాకే.

చివరిది. వెళ్లేముందు ఏ శ్రుతి ఫ్లూట్ తెమ్మంటున్నారో, ఆ పేరు ఎన్ని వేళ్ల లెక్కన చెప్తున్నారో అడగండి. ఐరిష్‌వాళ్లు డి అంటే ఆరూ మూస్తే డి. బాన్సురీవాళ్లు జి అంటే మూడు మూస్తే జి. కర్ణాటకంవాళ్లు ఆరో శ్రుతి అంటే రెండు మూస్తే ఎ. మూడూ దాదాపు ఒకే పొడవు గొట్టాలు! అడక్కుండా, డి తెమ్మన్నారు కదా అని బాన్సురీ డి పట్టుకెళ్తే, అందులో ఆరూ మూసినప్పుడు వచ్చేది ఎ. రోజంతా పక్కవాళ్ల వేళ్లు చూసి వాయించినా ఒక్క స్వరం కలవదు.