ఇంగ్లిష్ రైమ్ ఆట: ముందు చెవికి, తర్వాతే పలకకు

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

ఒకటో తరగతిలో ఇంగ్లిష్ రైమ్ ఆట, అంటే చివర ఒకేలా వినిపించే మాటల్ని జోడీ కట్టే ఆట, ఆడించే ముందు మన నోట్లోంచి ఒక 'ఉ' తీసేయాలి. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది కాబట్టి బస్‌ని బస్సు, పెన్‌ని పెన్ను అంటాం. మామూలు మాటల్లో తప్పేం లేదు. ఈ ఆటలో మాత్రం కొంప ముంచుతుంది. 'పెన్ను, టెన్ను, కప్పు'లో జోడీ కానిదేదని అడిగితే, మూడూ ఒకేలా ఉన్నాయంటాడు పిల్లాడు. వాడు సరిగ్గానే విన్నాడు, మూడింటి చివరా 'ఉ' ఉంది మరి! పొల్లుతో ఆపండి: పెన్, టెన్, కప్.

మన పద్యంలో ప్రాస పాదానికి రెండో అక్షరం. ఇంగ్లిష్ రైమ్ మన అంత్యప్రాసకు దగ్గర. చిన్న మాటల్లో అచ్చూ, దాని తర్వాతి హల్లూ రెండూ కలవాలి. పెన్, పిన్ రైమ్ కావు, అచ్చు మారింది. పెన్, పెట్ కూడా కావు.

అందరూ 'క్యాట్, హ్యాట్'తో మొదలెడతారు. నా సలహా, అవి తర్వాత. తెలుగు లిపిలో 'క్యా' అని రాయగానే ఇంగ్లిష్‌లో లేని 'య' వచ్చి కూర్చుంటుంది. 'క్' తీసేస్తే ఏం మిగిలిందంటే పిల్లలు 'యాట్' అంటారు. హెన్, మెన్, టెన్, పెన్‌లకు ఆ బాధ లేదు.

నాలుగు బొమ్మలు, వాటిలో కలవని కప్పు బొమ్మొకటి. పేర్లు పైకి చెప్పించి, కలవనిది తీయించండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు, అక్షరాలు చూపించొద్దు. తర్వాత మొదటి ధ్వని మార్చడం. 'మ్‌మ్‌మ్... ఎన్' అని సాగదీసి, కలపమనండి. ఇక్కడ 'ఎమ్' అని అక్షరం పేరు చెప్పినా, 'మ' అని గుణింతంలా పలికినా 'మెన్' రాదు. పెదాలు మూసి మూలగాలంతే. మ్, న్, స్ సాగుతాయి కనుక ముందు అవి. ప్, ట్ సాగవు, వాటిని సాగదీయబోతే 'ప', 'ట' అయిపోతాయి. మధ్యలో ఎవరైనా 'గెన్' అన్నారనుకోండి, అర్థం లేదని కొట్టేయకండి. వినకుండా ఆ మాట పుట్టదు.

బడిలో పాడించే పాటలతోనే ఇదంతా వస్తుందనుకోవద్దు. పిల్లలు చేతులూపుతూ పాడేస్తారు, జోడీ మాటలు పట్టించుకోరు. జోడీలో రెండో మాట దగ్గర మీరు ఆగిపోండి, వాళ్లు పూరిస్తారు.

స్పెల్లింగ్ చివర్న ఎందుకంటే, 'కమ్', 'హోమ్' రెండింటి చివరా ఓ, ఎమ్, ఈ అక్షరాలే, రైమ్ మాత్రం లేదు. 'బ్లూ', 'షూ' చివర అక్షరాలు ఒకటి కావు, రైమ్ ఉంది. బోర్డు మీద మొదట హెన్ కుటుంబం, తర్వాత క్యాట్ కుటుంబం రాయండి. 'కమ్', 'హోమ్' పక్కపక్కన రాయడానికి రెండో తరగతి దాకా ఆగొచ్చు.