ఆయాసంతో ఉన్నవాళ్లను మెట్లెక్కి రమ్మంటున్నాం

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఊపిరితిత్తుల డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, చింతల్‌లో ఉండే 58 ఏళ్ల సీఓపీడీ (గాలి గొట్టాలు సన్నబడి ఆయాసం తెచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్.)

యాంకర్: అమ్మా, మీతోనే మొదలుపెడతాను. ఇవాళ ఇక్కడికి ఎలా వచ్చారు?

పేషెంట్: ఆటోలో వచ్చాను బిడ్డా. గేటు కాడి నుంచి ఈ కుర్చీ దాకా మూడుసార్లు ఆగాను. పోయిన ఏడాదైతే అసలు వచ్చేదాన్నే కాదు.

యాంకర్: బీడీ, సిగరెట్ అలవాటు...

పేషెంట్: జన్మలో ముట్టలేదు. మాది పాలమూరు దిక్కు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి కట్టెల పొయ్యి. వానాకాలం తడి కట్టెలు, ఇల్లంతా పొగ. గ్యాస్ వచ్చేసరికి నాకు నలభై దాటాయి.

డాక్టర్: ఆడవాళ్లలో ఈ కథ ఎక్కువగా వింటాం. సీఓపీడీ అంటే పొగతాగే మగవాళ్ల జబ్బు అని మనకు నాటుకుపోయింది. వంటింటి పొగ, పనిచేసే చోట దుమ్ము, ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ, ఇవన్నీ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. 1990లో దేశంలో సుమారు 2.8 కోట్ల మందికి ఉన్న సీఓపీడీ 2016 నాటికి 5.5 కోట్ల మందికి చేరిందని అంచనా.

యాంకర్: వీళ్లకు మందులు, ఇన్‌హేలర్ కాకుండా పల్మనరీ రిహాబిలిటేషన్ అని ఇంకొకటి ఉంది, వ్యాయామంతో, శిక్షణతో ఆయాసాన్ని తగ్గించే పద్ధతి. ఇవాళ దాని గురించే మాట్లాడదాం. ముందు ఆ పేరు దగ్గరే చిక్కు వస్తుందట కదా?

ఫిజియోథెరపిస్ట్: వస్తుందండీ. రిహాబ్ అంటే తాగుడు మాన్పించే సెంటర్ అనుకుంటారు. "మా నాన్నకు ఆ అలవాటు లేదు మేడమ్" అని ఒకబ్బాయి నా మీద కోప్పడ్డాడు. పోనీ పునరావాసం అందామంటే, ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్లు గుర్తొస్తారు. అందుకే నేను ఊపిరి వ్యాయామం అంటున్నాను. అది కూడా పూర్తిగా సరిపోయే మాట కాదు. ఇందులో పెద్ద వాటా కాళ్ల వ్యాయామానిదే.

యాంకర్: జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే వ్యాయామం కాళ్లకా?

ఫిజియోథెరపిస్ట్: అదే అసలు సంగతి. ఆయాసం వస్తుందని కూర్చుంటారు. కూర్చుంటే తొడ కండరాలు కరిగిపోతాయి. బలం లేని కండరం చిన్న పనికే ఎక్కువ గాలి అడుగుతుంది. దాంతో ఇంకా ఆయాసం, ఇంకా కూర్చోవడం. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే "నువ్వు లేవకు, మేం చేస్తాం" అంటారు. ఆ ప్రేమే మనిషిని మంచానికి దగ్గర చేస్తుంది. దెబ్బతిన్న ఊపిరితిత్తిని మేం బాగుచేయలేం. ఉన్న గాలితోనే పని నడిచేలా ఒంటిని తయారుచేస్తాం. ఆరు నుంచి పన్నెండు వారాలు, వారానికి రెండు మూడు సార్లు నడక, చేతులకు కాళ్లకు బరువులు, ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం, కఫం బయటికి తేవడం, ఏం తినాలి, భయం వేసినప్పుడు ఏం చేయాలి... ఇవన్నీ నేర్పిస్తాం.

డాక్టర్: ఇది పనిచేస్తుందా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. 2015లో వైద్య పరిశోధనలను పరిశీలించే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 65 ప్రయోగాలను కలిపి చూసి చేసిన సమీక్ష, మామూలు వైద్యంతో పోల్చి చూసే ప్రయోగాలు ఇక అక్కర్లేదని తేల్చింది. ఆయాసం తగ్గుతుంది, నడవగలిగే దూరం పెరుగుతుంది. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన నాలుగు వారాల లోపు మొదలుపెడితే మళ్లీ అడ్మిట్ అయ్యే అవకాశం కూడా తగ్గుతుంది. ఇంత తెలిసీ మేం చీటీలో రాయడం లేదు. నేను కూడా ఏళ్ల తరబడి రాయలేదు. ఓపీలో ఒక్కో పేషెంట్‌కు దొరికే నాలుగైదు నిమిషాలు మందులు రాయడానికే సరిపోయేవి.

యాంకర్: అమ్మా, మీకు రాశారు కదా?

పేషెంట్: రాశారు. దమ్ము ఎక్కువై దవాఖానాలో తొమ్మిది రోజులు ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు వారానికి రెండుసార్లు రమ్మన్నారు. ఆ గది మూడో అంతస్తులో ఉంది. మొదటిరోజు పోతే లిఫ్టు పనిచేయడం లేదు. మెట్ల మీదే కూర్చున్నాను. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు నన్ను దాటుకుంటూ పోతున్నారు. కోడలు కొంగుతో విసురుతోంది. పైకి చేరేసరికి నా టైమ్ అయిపోయింది, మళ్లీ రమ్మన్నారు.

యాంకర్: మళ్లీ వెళ్లారా?

పేషెంట్: ఐదుసార్లు పోయాను. ఆటోకు రానూ పోనూ నాలుగు వందలు. కోడలు టైలరింగ్ చేస్తుంది, నాతో వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదా అంటారు. ఫ్రీయే బిడ్డా, ఎక్కడమే కష్టం. ఆ మెట్టు ఎత్తుగా ఉంటుంది, వెనక నుంచి తోస్తుంటారు, లోపల నిలబడాలి. ఆరోసారి నేనే వద్దన్నాను.

యాంకర్: ఎనిమిది వారాలంటే పదహారు సార్లు. ఆటోకే 6,400 రూపాయలు. మా నాన్నను ఇలాగే తిప్పినప్పుడు మాకు కారు ఉంది, అయినా నెలలోపే ఆపేశాం. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. డాక్టర్ గారూ, ఇది ఆరోగ్యశ్రీలో రాదా?

డాక్టర్: ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే అయ్యే చికిత్సల చుట్టూ నడిచే పథకం. ప్రైవేటు పాలసీలు కూడా చాలావరకు అడ్మిషన్ అయితేనే డబ్బు ఇస్తాయి. ఈమె అడ్మిట్ అయితే బిల్లుకు దారి ఉంటుంది. అడ్మిట్ కాకుండా కాపాడే వ్యాయామానికి మాత్రం జేబులోంచే పెట్టుకోవాలి. ఆటో డబ్బులైతే ఎవరి లెక్కలోకీ రావు.

యాంకర్: ఒక కాల్ ఉంది, ఉప్పల్ నుంచి. చెప్పండి.

కాలర్: మా అన్నకు టీబీ వచ్చింది మేడమ్. ఆరు నెలలు మందులు వాడాడు, తగ్గిందన్నారు. కానీ రెండో అంతస్తు ఎక్కలేకపోతున్నాడు. ఇతనికి కూడా ఈ వ్యాయామం పనికొస్తుందా?

డాక్టర్: తప్పకుండా. ముందు ఒకసారి ఊపిరి పరీక్ష చేయించి, గుండె కూడా చూపించండి. టీబీ విషయంలో నా బాధ ఒకటుంది. ఆ ఆరు నెలలూ మన దగ్గర ఆ మనిషి పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ అన్నీ ఉంటాయి. మందులు వేసుకున్నాడా లేదా అని ఫోన్ చేస్తారు. కోర్సు అయిపోయాక ఆయాసం ఉందా అని అడిగేవాళ్లు లేరు. అదే రిజిస్టర్ పట్టుకుని ఆ ఒక్క ప్రశ్న అడిగినా ఎవరికి రిహాబ్ కావాలో తెలిసిపోతుంది.

యాంకర్: ఇది కావాలని జనం నిజంగా వస్తారా అని కొందరు అధికారులు అడుగుతుంటారు.

డాక్టర్: ఏటా మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ చూడండి. ఉబ్బసం ఉన్నవాళ్లు చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి గంటలు గంటలు లైన్లో నిలబడతారు. అది పనిచేస్తుందని వైద్యపరంగా రుజువు లేదు, ఆ మాట నేను స్పష్టంగానే చెబుతాను. కానీ ఆ లైన్ చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. ఊపిరి కోసం అంత దూరం వచ్చే మనుషులకు మనం ఇంటి దగ్గర ఏం పెట్టాం?

ఫిజియోథెరపిస్ట్: పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా లేదండీ. ట్రెడ్‌మిల్ లేకుండా కూడా నడుస్తుంది. ముప్పై మీటర్ల వరండా, చేతులు లేని కుర్చీ ఒకటి, స్టాప్‌వాచ్, వేలికి పెట్టే ఆక్సీమీటర్ చాలు. నీళ్లు నింపిన లీటరు సీసా అంటే కిలో బరువు. అమ్మ రావడం మానేశాక నేనే ఫోన్ చేశాను. ఒక్కసారి వాళ్లింటికి వెళ్లి చూసి, తర్వాత వారానికి రెండు రోజులు వీడియో కాల్‌లో చేయించాను. జాగ్రత్తగా ఎంపిక చేసినవాళ్లకు ఇంట్లో చేయించినా సెంటర్లో చేసినంత ఫలితం వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి.

పేషెంట్: ఊదడం కూడా ఈ అమ్మే నేర్పింది. పెదవులు దగ్గరపెట్టి ఊదమంటే నేను పొయ్యి గొట్టంలో ఊదినట్టు గట్టిగా ఊదాను. కళ్లు తిరిగాయి. "అట్ల కాదమ్మా, మనవడికి పాలు చల్లార్చినట్టు" అన్నది. అప్పుడు వచ్చింది. ఇప్పుడు బిందె ఎత్తేటప్పుడు ఊదుతూ ఎత్తుతాను.

ఫిజియోథెరపిస్ట్: మొదట ఆరు నిమిషాల్లో ముప్పై మీటర్ల వరండా ఏడుసార్లు నడిచింది. 210 మీటర్లు. పది వారాల తర్వాత తొమ్మిదిసార్లు.

యాంకర్: అరవై మీటర్లు పెద్ద తేడానా?

డాక్టర్: ముప్పై మీటర్లు పెరిగితేనే పేషెంట్‌కు తేడా తెలుస్తుందని మా లెక్క.

పేషెంట్: మా ఇంట్లో బాత్రూమ్ బయట ఉంటుంది బిడ్డా. ఇదివరకు కోడలు పట్టుకుపోయేది. ఇప్పుడు నేనే పోతున్నాను.

(కొద్దిసేపు నిశ్శబ్దం)

యాంకర్: మరి ఫిజియోథెరపిస్టులందరూ ఇలా ఇళ్లకు వెళ్లలేరు కదా.

ఫిజియోథెరపిస్ట్: వెళ్లలేం. ఒకరి మంచితనం మీద ఇది నడవకూడదు కూడా. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. నడిచి వెళ్లే దూరంలో డాక్టర్, నర్సు ఉంటారు. నాలుగైదు దవాఖానాలకు కలిపి ఒక ఫిజియోథెరపిస్టును వేయండి. వారంలో ఒక్కో రోజు ఒక్కో చోట. మిగతా రోజులు ఫోన్‌లో. గది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలి, ఇది రాసి పెట్టుకోండి.

డాక్టర్: మా వైపు నుంచి డిశ్చార్జ్ చీటీలోనే ఒక గడి పెట్టాలి: రిహాబ్‌కు పంపారా, ఎక్కడికి, ఏ తేదీన? గడి ఖాళీగా ఉంటే చీటీ మీద సంతకం కాకూడదు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి జిల్లాల నుంచి కూడా వస్తారు. వాళ్లను వారానికి రెండుసార్లు హైదరాబాద్ రమ్మనడం అయ్యే పని కాదు. ఊరికి దగ్గర్లో ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ గడిలోనే ఉండాలి.

యాంకర్: చూస్తున్నవాళ్లు రేపటి నుంచే ఇంట్లో మొదలుపెట్టొచ్చా?

ఫిజియోథెరపిస్ట్: డాక్టర్‌కు చూపించుకున్నాకే. ఛాతీలో నొప్పి ఉన్నా, ఈ మధ్య గుండెపోటు వచ్చినా సొంతంగా వద్దు. ఆక్సిజన్ వాడేవాళ్లు పెట్టుకునే చేయాలి. ఒక గుర్తు చెబుతాను: చేస్తూ చిన్న మాట మాట్లాడగలగాలి. మాట రానంత ఆయాసం వస్తే ఆగిపోండి. అమ్మా, కుర్చీలోంచి లేవడం ఒకసారి చూపిస్తారా?

పేషెంట్: చూపిస్తాను. చేతులు ఇట్ల కట్టుకోవాలి. లేచేటప్పుడు ఊదాలి... ఒకటి... రెండు...

ఫిజియోథెరపిస్ట్: భుజాలు దించండమ్మా. తొందరేం లేదు.

పేషెంట్: ...మూడు.