సీలు మార్చే ముందు బ్రీదర్ చూడండి

అందరికీ నమస్కారం. డ్రైవర్ అన్నలు, బండ్ల ఓనర్లు, ఐటీఐ నుంచి వచ్చిన తమ్ముళ్లు అందరూ ఉన్నారు కాబట్టి ఇవాళ ఇంజిన్ జోలికి పోను. దాని గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. వెనక యాక్సిల్ మీద బొటనవేలంత కూడా ఉండని బ్రీదర్ గురించి, అంటే యాక్సిల్ లోపలి గాలి బయటికీ లోపలికీ ఆడే దారి గురించి మాట్లాడతాను.

కైకలూరు, భీమవరం వైపు పాత పికప్‌ల బతుకు మీకు తెలియంది కాదు. తెల్లారేసరికి చెరువు గట్టు మీద బురదలో దిగబడి ఉంటాయి. చేపల ట్రేలు ఎక్కించాక ఐస్ కరిగి, ఆ నీళ్లు బాడీ సందుల్లోంచి దారి పొడుగునా యాక్సిల్ మీదే కారుతుంటాయి. ఆ బురదంతా పోయి పేరుకునేది యాక్సిల్ హౌసింగ్, అంటే దాని ఇనప తొడుగు పైభాగంలో, బ్రీదర్ చుట్టూనే. పైన బాడీ, పక్కన బ్రేక్ పైపు అడ్డం కాబట్టి సర్వీసింగ్ కుర్రాడి కంటికి కూడా అది ఆనదు.

కొన్నాళ్లకు వెనక చక్రం లోపలి వైపు జిడ్డు కనిపిస్తుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు పోయిందంటారు, కొత్తది వేస్తారు. మళ్లీ కారుతుంది. ఈసారి సీలు అమ్మిన షాపువాణ్ని తిడతారు. పాపం, చాలాసార్లు తప్పు అతనిది కాదు.

లోపల జరిగేది చూడండి. పొద్దున బండి తీసేటప్పుడు హౌసింగ్‌లో గాలి 30 డిగ్రీలుందనుకుందాం. లోడుతో హైవే ఎక్కాక లోపలి క్రౌన్, పినియన్ పళ్ల చక్రాల రాపిడికి 90 డిగ్రీలకు చేరిందనుకుందాం. బ్రీదర్ బురదతో మూసుకుపోయి గాలి బయటికి పోయే దారి లేకపోతే లోపలి ఒత్తిడి ఐదో వంతు పెరుగుతుంది. అంటే సుమారు 3 పీఎస్ఐ. టైరులో కొట్టే గాలితో పోలిస్తే అదేం లెక్క అనిపిస్తుంది. కానీ సీలు పెదవి పల్చటి రబ్బరు, వెనక చిన్న స్ప్రింగు, అంతే. కొత్త సీలు కొన్నాళ్లు ఓర్చుకుంటుందేమో గానీ అరిగిన సీలు ఓర్చుకోదు. కారిన ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి దిగి బ్రేకు లైనర్లు తడిపితే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. తడిసిన లైనర్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయకండి. వేడెక్కితే లోపల ఇంకిన ఆయిల్ పైకి వస్తుంది. రెండు వైపులా మార్చాల్సిందే.

ఇంకో ప్రమాదం దీనికి తిరగబడి వస్తుంది. వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. వేడినీళ్లు పారబోసి వెంటనే మూత బిగించిన ప్లాస్టిక్ సీసా ఎలా లోపలికి నొక్కుకుపోతుందో చూశారు కదా. హౌసింగ్ ఇనుము, అది నొక్కుకుపోదు. బ్రీదర్ మూసుకుని ఉంటే సీలు సందులోంచి నీళ్లు లాగేసుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బండ్లు నీళ్లలోనే నిలబడిపోయాయి. అలా మునిగిన బండికి ఇంజిన్ ఆయిల్ మార్చి ఊరుకుంటే సరిపోదు, యాక్సిల్ ఆయిల్ కూడా దించి చూడాలి. తెల్లగా నురగ తిరిగి ఉంటే నీళ్లు కలిసినట్టే.

సరే, పనిలోకి వద్దాం. బండి చదునైన చోట ఆపి ముందు చక్రాలకు దిమ్మలు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ ఉందిగా అనుకోవద్దు. చాలా పికప్‌లలో అది పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం జాకీ మీద లేపాక దాన్ని నమ్ముకుంటే బండి ముందుకు దొర్లిపోతుంది.

బ్రీదర్ చుట్టూ వైర్ బ్రష్‌తో గీకి, డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడిచాకే స్పానర్ పెట్టండి. ముందే విప్పితే ఆ ఇసుకంతా నేరుగా బేరింగులకే. బండి తిరిగొచ్చిన వేడి మీద మొహం పక్కన పెట్టుకుని, కొంచెం కొంచెంగా వదులు చేయండి. బుస్సుమని గాలి వచ్చిందంటే బ్రీదర్ మూసుకుపోయినట్టే. మూత ఉన్న రకమైతే వేలితో కదిపితే టకటకా ఆడాలి. తుప్పుతో బిగుసుకుంటే కడిగి కాలక్షేపం చేయకుండా కొత్తది వేయండి, దాని ధర సీలు పనిలో కూలీకి కూడా రాదు.

పాత బండ్లలో అసలు తిప్పలు ఇక్కడే. స్పానర్ పెట్టగానే తల విరిగి, మొదలు హౌసింగ్‌లోనే ఉండిపోతుంది. కంగారుపడి సుత్తి తీయకండి. డ్రిల్ బిట్‌కి గ్రీజు దట్టంగా పూసి మెల్లగా రంధ్రం చేయండి, రజను గ్రీజుకి అంటుకుంటుంది. తర్వాత విరిగిన ముక్కని పట్టి తీసే ఎక్స్‌ట్రాక్టర్‌తో తిప్పండి. ఇంత చేసినా కొంత రజను లోపల పడుతుంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం ఉందని ధీమా వద్దు, ఇత్తడి ముక్కని అయస్కాంతం పట్టదు. ఆయిల్ దించేయాల్సిందే. దించే ముందు ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్ విప్పి చూసుకోండి. అది రాకపోతే ఆయిల్ లేని బండితో షెడ్డులో కూర్చుంటారు.

నీళ్లలో తిరిగే బండికి బ్రీదర్ స్థానంలో గొట్టం తగిలించే నిపిల్ వేసి, గొట్టాన్ని చాసిస్ పైదాకా తీసుకెళ్లడం మేలు. ఆయిల్‌కి తట్టుకునే ఫ్యూయల్ హోస్ వాడండి, నీళ్ల పైపు ఉబ్బిపోతుంది. కొలత తీసేటప్పుడు చాసిస్‌ని లేపి యాక్సిల్‌ని కిందికి వేలాడనివ్వండి, అప్పుడు కూడా గొట్టం లాగినట్టు ఉండకూడదు. మధ్యలో ఎక్కడా కిందికి జారి గుంట పడకూడదు, అక్కడ నీళ్లు నిలిస్తే మళ్లీ మూసుకున్నట్టే. సైలెన్సర్‌కి దూరంగా ఉంచి, చివర కిందికి వంచండి.

ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకానే. ఇంకో అర లీటరు పోస్తే బలం అనుకునేవాళ్లున్నారు. ఎక్కువైతే బ్రీదర్ బాగున్నా కక్కుతుంది. గ్రేడు బండి పుస్తకంలో చూడండి, ఈ యాక్సిల్స్‌కి మామూలుగా జీఎల్-5 రకం గేర్ ఆయిల్, 90 నంబరు గానీ 80డబ్ల్యూ-90 గానీ రాసి ఉంటుంది.

అన్నీ బిగించాక జిడ్డంతా తుడిచి, ఒక లోడు తిప్పి వచ్చి చూడండి. అప్పటికీ తడి కనిపిస్తే సీలు మార్చండి. మార్చేటప్పుడు షాఫ్టు మీద సీలు పెదవి ఆనే చోట గోరు ఆనించి చూడండి. గోరు గాడిలో పడిందంటే, కొత్త సీలు వేసినా ఆగదు. బయట బండి దిమ్మల మీదే ఉంది, స్పానర్లు కూడా పెట్టాం. రండి, విప్పి చూద్దాం.