లిజనింగ్ టు మ్యూజిక్ అని రాస్తే ఎవరికి లాభం?

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆదివారం పూట బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో మధ్యాహ్నం దాకా లేవనివాళ్ళు కూడా పొద్దున్నే వచ్చి కూర్చున్నారంటే ఉద్యోగం ఎంత అవసరమో తెలుస్తూనే ఉంది, అందుకని సోది లేకుండా విషయానికొచ్చేస్తా.

మీరు పంపిన రెజ్యూమేలన్నీ చదివాను. ప్రాజెక్టుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. చివర్లో ఒక లైనుంది చూశారా, హాబీలు: లిజనింగ్ టు మ్యూజిక్, ప్లేయింగ్ క్రికెట్, వాచింగ్ మూవీస్. ఇదే వరస, ఇదే ఫాంటు, కొంతమందికైతే స్పెల్లింగ్ తప్పు కూడా ఒకే అక్షరం దగ్గర! ఎవరో సీనియర్ చేసిన వర్డ్ ఫైలు బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి చేతులు మారుతూ వస్తోందన్నమాట, పేరు మార్చారు, పర్సెంటేజీ మార్చారు, హాబీల దగ్గరికొచ్చేసరికి సరేలే అది అందరికీ ఉండేదేగా అని వదిలేశారు. గుంటూరులో చదివిన అబ్బాయికీ కర్నూల్లో చదివిన అమ్మాయికీ ఇష్టాలు మూడుకి మూడూ కలిసిపోయాయంటే పెళ్ళి సంబంధం మాట్లాడుకోవచ్చేమో గానీ ఉద్యోగానికైతే ఆ లైను దండగ.

నవ్వారు, బాగుంది. ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, అక్కా ఈ లైను ఉంచాలా తీసేయాలా అని. నా లెక్క ఒకటే. ఆ హాబీ మీద ఎవరైనా ఒక ప్రశ్న అడిగి, మీ జవాబు విని, దాని మీద ఇంకో ప్రశ్న అడిగితే మీరు హాయిగా మాట్లాడగలగాలి. మొదటి ప్రశ్నకి అందరూ నెట్టుకొచ్చేస్తారు, రెండోదాని దగ్గరే తెలిసిపోతుంది. నిలబడగలిగితే ఉంచండి, లేకపోతే నిర్మొహమాటంగా కొట్టేయండి, ఆ జాగాలో ప్రాజెక్టు గురించి ఇంకో ముక్క పడుతుంది.

అసలు ఆ లైను ఎవరు చదువుతారో చూడండి. నౌక్రీ జాబ్ సైట్‌లో అప్‌లోడ్ చేశాక రిక్రూటర్ సెర్చ్‌లో కొట్టేది జావా, ఎస్‌క్యూఎల్, నోటీస్ పీరియడ్, ఇలాంటివే. క్రికెట్ అని ఎవరూ వెతకరు. తర్వాత మనిషి కంటికి వెళ్తుంది, అక్కడ టైమెంతో తెలుసా? ద లాడర్స్ అని అమెరికాలో ఒక జాబ్ సైట్ ఉంది, రిక్రూటర్ల కంటిచూపు ఎక్కడెక్కడ ఆగుతోందో మెషీన్ పెట్టి చూసి 2018లో చెప్పింది, మొదటిసారి చూడ్డానికి సగటున 7.4 సెకన్లట. అంత తక్కువ టైములో మన హాబీల దాకా దిగి వచ్చేవాళ్ళెవరు? కాబట్టి హాబీ రాస్తే కాల్ వస్తుంది అని ఎవరైనా ట్రైనింగ్ సెంటర్‌లో చెప్తే నమ్మకండి.

మరి ఎక్కడ పనికొస్తుంది? ఇంటర్వ్యూ గదిలో. మిమ్మల్ని అడిగే మేనేజర్ అప్పుడే ఏదో మీటింగులోంచి లేచి వస్తాడు, మీ కాగితం చూడ్డం కూడా అప్పుడే, ఫ్రెషర్ కాబట్టి అనుభవం అని అడగడానికి ఏమీ లేదు, ఏదో ఒకటి అడగాలి కదా, కళ్ళు కిందకి పోతాయి. ఆ లైను బతికేది అక్కడే. పెళ్ళి భోజనంలో కిళ్ళీ లాంటిది అనుకోండి, అది లేదని ఎవరూ అలిగి వెళ్ళిపోరు, ఉంటే మాత్రం ఇంకో రెండు నిమిషాలు కూర్చుని కబుర్లు చెప్తారు.

నేను ప్యానెల్‌లో ఉన్న ఒక ఇంటర్వ్యూ చెప్తా. ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం, రాత్రిళ్ళు సర్వర్ పడిపోతే లేచి చూడాలి. అనంతపురం వైపు అబ్బాయి, ఇంగ్లీషు తడబడుతోంది, చెమటలు. హాబీల దగ్గర వాలీబాల్ అని ఒక్క ముక్క ఉంది. మా మేనేజర్ ఊరికే, ఏ పొజిషన్ అని అడిగాడు. సెట్టర్ సార్ అన్నాడు. సెట్టరంటే ఏం చేస్తాడు? అంతే, ఆ అబ్బాయి కుర్చీలో నిటారుగా అయ్యాడు, చేతులు పైకెత్తి చూపిస్తున్నాడు, సార్ మనకు మూడే టచ్‌లు, రెండోది నాది, ఫస్ట్ పాస్ బాగా రాకపోయినా దాన్నే సరిచేసి ఎవడికో ఒకడికి లేపాలి, ఎదురుగా బ్లాక్‌కి ఎవరు ఎగురుతున్నారో చూసుకోవాలి, నా స్పైకర్‌కి ఇందాకటి కొట్టుడు మిస్సై మూడ్ పోయిందనుకోండి వాడికే ఇంకోటివ్వాలా వేరేవాడికివ్వాలా అది కూడా అప్పుడే తేల్చుకోవాలి, ఇదంతా బాల్ గాల్లో ఉండగానే. ఇంగ్లీషులో గ్రామర్ తప్పులు అలాగే ఉన్నాయి, ఎవరికీ పట్టలేదు. మేనేజర్ పెన్ను కింద పెట్టేసి విన్నాడు. రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే ఈ మనిషి ఏం చేస్తాడో అని ఆయన మనసులో ఉన్న ప్రశ్నకి జవాబు అక్కడ దొరికేసింది. తీసుకున్నాం. టెక్నికల్ రౌండ్ బాగా చేశాడు కాబట్టే అక్కడిదాకా వచ్చాడు, అది మర్చిపోకండి.

అదే అబ్బాయి రెజ్యూమేలో ఉత్తి వాలీబాల్ అని కాకుండా, వాలీబాల్, కాలేజీ టీమ్‌లో సెట్టర్, రెండేళ్ళు అని రాసుంటే మా మేనేజర్ అడుగుతాడా లేదా అని అదృష్టాన్ని నమ్ముకోవాల్సిన పని ఉండేది కాదు. అందుకే ఒక్క హాబీ రాయండి, కానీ ఎక్కడ, ఎంతకాలం, ఏం చేశారు అన్నది పక్కనే ఉండాలి. కుకింగ్ అంటే ఏమీ లేదు, హాస్టల్‌లో నలభైమందికి మెస్ మెనూ, సరుకుల లెక్క చూశాను అంటే అందులో పనుంది.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. లారెన్ రివెరా, ఆండ్రాష్ టిల్చిక్ అని ఇద్దరు పరిశోధకులు అమెరికాలో లా కంపెనీల మీద ఒక ప్రయోగం చేశారు, 2016లో అచ్చయింది. 14 ఊళ్ళలో 147 లా ఫర్మ్‌లకి చెందిన 316 ఆఫీసులకి ఉత్తుత్తి లా స్టూడెంట్ల రెజ్యూమేలు పంపారు. మార్కులు, అనుభవం అన్నీ సమానం. ఇంటిపేరు, స్కాలర్‌షిప్పుల్లాంటి గుర్తులు, హాబీలు, వీటిలోనే తేడా. ఒకడికి సెయిలింగ్, పోలో, శాస్త్రీయ సంగీతం. ఇంకొకడికి పరుగు పందేలు, గల్లీ ఫుట్‌బాల్ లాంటిది, కంట్రీ మ్యూజిక్. డబ్బున్నింటి అబ్బాయిలా కనబడ్డవాడికి 16 శాతం పైగా చోట్ల నుంచి పిలుపొచ్చింది, రెండోవాడికి ఒక శాతం చిల్లర. మార్కులు ఒకటే, మళ్ళీ చెప్తున్నా! అమ్మాయిల దగ్గర కథ తిరగబడింది, డబ్బున్న అమ్మాయిలా కనిపిస్తే 4 శాతం లోపే, మామూలింటి అమ్మాయికి 6 శాతం పైన. ఎందుకంటే డబ్బున్న అమ్మాయి పెళ్ళీ పిల్లలూ అని ఉద్యోగం మధ్యలో వదిలేస్తుందని వాళ్ళ అనుమానమట. మనూళ్ళో పెద్దవాళ్ళు అనే మాటే, కాకపోతే వీళ్ళు కోటు వేసుకుని అన్నారు.

ఆ లెక్కలు అక్కడి లా ఫర్మ్‌లవి, వైట్‌ఫీల్డ్ ఐటీ కంపెనీకి తెచ్చి అతికించకూడదు. కానీ వాసన ఇక్కడా తగుల్తూనే ఉంటుంది. కల్చర్ ఫిట్, అంటే మనలో కలిసిపోతాడా అనే మాట ఎన్నిసార్లు విన్నానో! వీకెండ్ నంది హిల్స్‌కి సైకిలేసుకుని పోయేవాడికి అలాంటివాడే కనిపిస్తే మొహం వెలిగిపోతుంది, చెక్కభజన అని ఉంటే అదేంటి అంటాడు. మెషీన్‌కి అప్పజెబితే పక్షపాతం పోతుందా అంటే అదీ లేదు, అమెజాన్ రెజ్యూమేలు వడకట్టే టూల్ ఒకటి తయారుచేసుకుంటే, విమెన్స్ చెస్ క్లబ్ కెప్టెన్ లాంటి చోట్ల విమెన్స్ అనే మాట కనబడగానే మార్కులు తగ్గించేసిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. పాత రెజ్యూమేల్లో మగవాళ్ళే ఎక్కువ, అది నేర్చుకున్నదీ అదే. ఆ టూల్‌ని చివరికి వాళ్ళే వదిలేశారు.

అయితే గోల్ఫ్ అని రాసేద్దామా అక్కా? వద్దమ్మా. బంతి కన్నంలో పడాలని తప్ప ఇంకేం చెప్తావు రెండో ప్రశ్నకి? చెక్కభజన అనే రాయండి, ఇరవైమంది ఒకే దరువుకి అడుగేయాలి, ఒక్కడు తప్పితే అందరూ ఆగాలి, దానికి ఎన్నాళ్ళు ప్రాక్టీస్ చేశారో చెప్పండి. అవధానం నేర్చుకుంటున్న అమ్మాయి ఒకామె రెజ్యూమే ఇక్కడే ఉంది, హాబీల్లో రీడింగ్ బుక్స్ అని రాసుకుంది! ఎనిమిదిమంది ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటే, మధ్యలో ఒకాయన పనిగట్టుకుని అడ్డదిడ్డం ప్రశ్నలేస్తుంటే, ఇంకోపక్క గంటలెన్ని కొట్టారో లెక్కపెట్టుకుంటూ, ఛందస్సు తప్పకుండా పద్యం నాలుగు పాదాలూ గుర్తుపెట్టుకుని చివర్లో అప్పజెప్పడం, దాన్ని దాచుకుంటారా ఎవరైనా? ఈ రాత్రికే మార్చేయమ్మా.

రాయకూడనివి గబగబా చెప్పేస్తా. కులసంఘం, పార్టీ, మతం తెలిసిపోయేవి వద్దు, చదివేవాడి మనసులో ఏముందో మనకి తెలీదు. హీరో అభిమాన సంఘం కార్యదర్శి అని ఒక తమ్ముడు రాశాడు, ధైర్యానికి దణ్ణం, కానీ అతను చేసిన పని రక్తదాన శిబిరం నడపడం, అది రాయాలి, హీరోని ఇంట్లో పెట్టుకో. డబ్బులొచ్చే యూట్యూబ్ ఛానెలుంటే జాగ్రత్త, 2022 సెప్టెంబర్‌లో విప్రో పోటీ కంపెనీలకి పక్కన పనిచేస్తున్నారని 300 మందిని తీసేశామని చెప్పాక పక్కన ఇంకో పని చేయడం, అదే మూన్‌లైటింగ్, అంటే హెచ్చార్‌లకి భయం పట్టుకుంది, ఛానెల్ ఉండటం తప్పేం కాదు గానీ ఆఫర్ లెటర్లో రెండో సంపాదన గురించి ఏముందో చదివి చెప్పాల్సిన చోట చెప్పండి.

సివిల్స్ వైపు చూసేవాళ్ళకి ఇదంతా వర్తించదు. ఆ పరీక్షకి నింపే అప్లికేషన్‌లో హాబీలకి కాలమే ఉంటుంది, ఇంటర్వ్యూకి 275 మార్కులు, ఆ కాలమ్‌లోంచి తీగ లాగుతారు.

ఇక అనుభవం ఉన్నవాళ్ళు, అయిదారేళ్ళు దాటితే తీసేయండి, మీ పనే మాట్లాడాలి.

ఆ, చెప్పమ్మా, ఏంటి, పిల్లలు పుట్టాక మూడేళ్ళు గ్యాప్, ఆ టైమ్‌లో టైలరింగ్ చేశావా, అపార్ట్‌మెంట్‌లో ఆర్డర్లు తీసుకుని? అది హాబీల్లోకి తొయ్యకు తల్లీ. డబ్బులు తీసుకున్నావు, డేట్లు ఇచ్చావు, దసరాకి ముందు అందరూ ఒకేసారి మీదపడితే ఎవరిది ముందు కుట్టాలో నువ్వే తేల్చావు. పైకి తీసుకెళ్ళి అనుభవం కింద పెట్టు, సొంత పని అని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకానో వేసి.

హిందూపురం, మడకశిర వాళ్ళెవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఇంతమందా! మీలో ఒక్కరు కూడా తెలిసిన భాషల్లో కన్నడ రాయలేదు, చిన్నప్పట్నుంచీ పక్కింటివాళ్ళతో మాట్లాడేదే అయినా. బెంగళూరులో హాస్పిటల్ ఫ్రంట్ డెస్కుకీ, బ్యాంకుకీ, కస్టమర్ సపోర్ట్‌కీ అది మీ హాబీలన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు తెరవండి, ముందు ఆ లైను చేర్చేసి తర్వాత ప్రాజెక్టుల దగ్గరికి వెళ్దాం.