పిల్లికూతలు అన్న మాట యాప్‌లో ఎందుకు లేదు?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్‌గారు, డాక్టర్‌గారు, వేదిక మీదున్న పెద్దలు... పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమనుకోకండి. ముందు ఎవరైనా ఆ అగరుబత్తీలు బయట పెట్టి రండమ్మా. ప్రపంచ ఆస్తమా దినం అని బ్యానర్ కట్టి, దాని కిందే అగరుబత్తీలు వెలిగించారు! తప్పు పట్టడం లేదు, దీపం దగ్గర అలవాటుగా పెట్టేస్తాం. కానీ ఏర్పాట్లు చేసినవాళ్లలో ఉబ్బసం ఉన్న మనిషి ఒక్కరున్నా ఆ పని జరిగేది కాదు. నిజానికి ఆస్తమా యాప్‌ల గురించి నేను చెప్పాలనుకున్నదీ ఇంతే. మైకు చేతిలో ఉంది కాబట్టి ఇంకాస్త చెబుతాను.

నాది గుంటూరు, లెక్కల టీచర్‌గా రిటైరయ్యాను. ఎన్నో ఏళ్లుగా ఉబ్బసం. మిర్చి సీజన్‌లో మా ఊరి గాలి సంగతి మీకు తెలుసు. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం లైన్‌లో కూడా నిలబడ్డాను. డాక్టర్‌గారూ, అలా చూడకండి. ఈ ముక్క ఏ యాప్‌లో చెప్పుకోవాలి చెప్పండి, దానికి చోటే ఉండదు.

రెండేళ్ల కిందట ఒక కంపెనీవాళ్లు యాప్ తయారుచేసి, పేషెంట్ల అభిప్రాయం కావాలని మమ్మల్ని ఎనిమిదిమందిని పిలిచారు. సమోసాలు, టీ. "ఆంటీ, ఈ రంగు బాగుందా, ఆ రంగు బాగుందా?" అని అడిగారు. అప్పటికే అంతా అయిపోయింది, మేం చెప్పాల్సింది రంగు మాత్రమే. నా పక్కన పిండిమరలో పనిచేసే ఒకావిడ కూర్చుంది. తెరమీద మొదటి ప్రశ్న: "శ్వాసించునపుడు ఈల వంటి ధ్వని కలదా?" ఆవిడ నావైపు చూసి, "ఈలేంది మేడమ్, నేనెందుకేస్తాను" అని 'లేదు' నొక్కేసింది. ఆవిడ ఛాతీలోంచి పిల్లికూతలు, అదే ఆ ఈల ధ్వని, నా కుర్చీదాకా వినిపిస్తున్నాయి! యాప్ మాత్రం పచ్చగా నవ్వే మొహం చూపించి, మీ ఆస్తమా అదుపులో ఉంది అంది. పిల్లికూతలు. ఈ ఒక్క మాట వాళ్లకి ఎవరు చెప్పాలి? మేమే. ఎప్పుడు? మొదటి ప్రశ్న రాయకముందు.

సరే, ఇంటికొచ్చి వాడాను. రాత్రి రెండింటికి ఆయాసం వచ్చింది, మంచం అంచున కూర్చుని మోకాళ్లమీద చేతులు ఆనించి ఊపిరి ఎగబీలుస్తున్నాను, అది ఓటీపీ అడిగింది. మూడు పదాలు కలిపి మాట్లాడలేని మనిషిని! ఇంకోటి, నీలం ఇన్‌హేలర్, అదే ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్‌బ్యుటమాల్, పీల్చి నమోదు చేసినప్పుడల్లా నక్షత్రం ఇచ్చేది. ఆ వారం నాకు పదకొండు నక్షత్రాలు. వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అది అవసరమవుతోందంటే జబ్బు అదుపు తప్పినట్టు పిల్లలూ, అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లమనాలి, చప్పట్లు కొట్టకూడదు.

నాకు కావలసింది చాలా చిన్న లెక్క. డబ్బాలో ఇంకా ఎన్ని పఫ్‌లున్నాయి? నేను వాడేదానిలో రెండొందలు, కౌంటర్ లేదు. చెవి దగ్గర ఊపి చూసుకుంటాం, గ్యాస్ సిలిండర్‌లాగా. మందు అయిపోయాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది, అందుకే ఆ ఊపుడుని నమ్మకూడదు. నొక్కిన ప్రతిసారీ ఒకటి తీసేస్తే చాలు, మూడో తరగతి తీసివేత.

ఆ యాప్ గుర్తు కూడా రెండు పెద్ద ఊపిరితిత్తులు. మా చుట్టాలమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, ఫోన్‌లో అది కనపడుతుందని డిలీట్ చేసింది. నాకు కోపం రాలేదు, నేనూ పెళ్లిచూపుల్లో దగ్గు ఆపుకున్నదాన్నే.

గంట కొడుతున్నారు, అయిపోయింది. ఈ కాలేజీలో యాప్‌లు చేసే పిల్లలెవరో చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. ఇప్పుడు బ్యాగులో ఇన్‌హేలర్ ఉన్నవాళ్లు ఎత్తండి. సిగ్గుపడకండి, ఇదిగో నాది. వెనక వరసలో నీలం చీర పిన్నిగారూ, మీరు ఎత్తి దించేశారు, నేను చూశాను. భోజనాల దగ్గర ఈ పిల్లలు మీ పక్కన కూర్చుంటారు. రాత్రిళ్లు ఏం చేస్తారో వాళ్లకి చెప్పండి. లాప్‌టాప్‌లు మాత్రం తెరవకండర్రా.